నంబర్ ప్లేట్ వంచిన కొడుకు, పంతొమ్మిది చలాన్లు

హైదరాబాద్‌లోని ఒక బస్తీ నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. తన పేరు, బస్తీ పేరు వద్దన్నారు. వయసు 44. నాలుగు ఇళ్లలో వంట చేస్తారు. భర్త రంగులు వేసే పని చేసేవారు. రెండేళ్ల కిందట పని చేస్తూ పైనుంచి పడి నడుం దెబ్బతింది, అప్పటి నుంచి ఇంట్లోనే ఉంటున్నారు. 22 ఏళ్ల కొడుకు డిగ్రీ మధ్యలో ఆపేసి ఫుడ్ డెలివరీ చేస్తున్నాడు. మహిళా సంఘం లోన్‌తో డౌన్ పేమెంట్ కట్టి బండి తీసుకున్నారు కాబట్టి బండి ఆమె పేరు మీదే ఉంది.

ఒకే గది ఇల్లు, 5,500 కిరాయి. గల్లీలో రెండు బండ్లు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాల్సిందే. అందుకని బస్తీ వాళ్లందరూ గల్లీ మొదట్లో, మెయిన్ రోడ్డు అంచున బండ్లు పెట్టుకుంటారు. వారంలో రెండు మూడు సార్లు ట్రాఫిక్ సిబ్బంది వచ్చి ఆ బండ్లకు వరసగా ఫొటోలు కొట్టుకుని పోతారు. ఎదురుగా ఫంక్షన్ హాలు ఉంది. ముహూర్తాల రోజుల్లో అక్కడ కార్లు రెండు వరసల్లో రోడ్డు మీదే నిలబడతాయి. "ఒక్క కారుకు కూడా ఫొటో కొట్టగా నా కళ్లతో చూడలేదు" అని రాశారు.

పోయిన నెల ఒక చౌరస్తాలో అబ్బాయిని ఆపి, బండి తాళం తీసుకుని, ఫోన్‌లో చూసి 19 చలాన్లు ఉన్నాయన్నారట. మొత్తం 6,265 రూపాయలు. అన్నీ కడితేనే తాళం ఇస్తామన్నారట. "ఏరా" అని పిలిచారట. వెనక సంచిలో రెండు ఆర్డర్లు చల్లారిపోతున్నాయి. ముప్పావుగంట బతిమాలాక, వారంలో కడతానని మాట తీసుకుని వదిలేశారు. ఆ రెండు ఆర్డర్లూ పోయాయి. చలాన్ల సంగతి ఇంట్లో అంతవరకు ఎవరికీ తెలియదు. షోరూంలో బండి రిజిస్టర్ చేసినప్పుడు వేరే ఎవరిదో ఫోన్ నంబర్ ఎక్కించారు. మెసేజ్‌లన్నీ అక్కడికే పోయాయి.

పక్కింటి అమ్మాయి ఆ 19 ఫొటోలూ తెరిచి చూపించింది. ఎనిమిది గల్లీ మొదట్లో నో పార్కింగ్‌వి. ఏడు హెల్మెట్‌వి, ఒకటి సిగ్నల్ జంప్. మిగతా మూడు అసలు వీళ్ల బండివి కావు. ఒక ఫొటోలో అయితే మోటార్‌సైకిల్ కూడా కాదు, స్కూటీ. హెల్మెట్ ఫొటోల్లో రెండింటిలో ఈవిడే ఉన్నారు. కొడుకు వెనక కూర్చుని, ఒళ్లో టిఫిన్ క్యారియర్ పెట్టుకుని, భర్తను చూడడానికి ఆసుపత్రికి పోతున్నప్పటివి. "ఆ ఫొటోల్లో నన్ను నేను చూసుకుని నాకే సిగ్గేసింది" అన్నారు.

ఆ మర్నాడే కొడుకు వెనక నంబర్ ప్లేట్‌ను పైకి వంచేశాడు. చివరి అంకె మీద నల్ల టేపు అంటించాడు. ఎందుకు చేశావని అడిగితే, "నీకు వాళ్ల మీద కోపం రాదా? నా మీదే వస్తదా?" అన్నాడట. పది రోజులుగా తల్లీకొడుకుల మధ్య మాటల్లేవు. తెలిసినాయన పది రూపాయల వడ్డీకి డబ్బు ఇస్తానంటున్నాడు. తెచ్చి మొత్తం కట్టేయాలా? కొడుకు చేత ప్లేటు సరి చేయించడం ఎలా? బస్తీ మీద జరుగుతున్న ఈ అన్యాయం గురించి ఫిర్యాదు చేస్తే, పగబట్టి ఇంకా ఎక్కువ ఫొటోలు కొడతారేమో? ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ అబ్బాయి అడిగిన మాట నన్ను కాసేపు కదలనివ్వలేదు. వాళ్ల మీద మీకు కోపం రాదా అన్నాడు. వచ్చిందని ఉత్తరంలో ప్రతి లైనూ చెబుతోంది. కానీ ఆ సంగతి మీరు అతనికి చెప్పినట్టు లేదు. ప్లేటు దగ్గర మొదలుపెట్టి తిట్టారు. అతను విన్నది ఆ తిట్టు ఒక్కటే. కాబట్టి డబ్బు గురించి, ఫిర్యాదు గురించి ఆలోచించే ముందు ఒక పని చేయండి. ఈ రాత్రి అతను వచ్చాక, ఆ చౌరస్తాలో జరిగింది తప్పని, "ఏరా" అన్నందుకు మీకూ కడుపు మండిందని చెప్పండి. చెప్పాక ఆగండి. ప్లేటు మాట అప్పుడే ఎత్తకండి.

ఎత్తాల్సి వచ్చినప్పుడు శిక్ష గురించి భయపెట్టడం కంటే ఆ మూడు ఫొటోలు చూపించండి. మీ బండి కాని బండికి పడి మీ ఇంటికి వచ్చిన చలాన్లు అవి. ఎలా వచ్చి ఉంటాయి? ఎవరో తన నంబర్‌లో ఒక అంకె మూసేసి ఉంటారు, లేదా గీకేసి ఉంటారు, లేదా మీ నంబరే రాసుకుని తిరుగుతూ ఉంటారు. మీ అబ్బాయి అంటించిన టేపు కూడా రేపు అదే పని చేస్తుంది. కెమెరాకు మూడు ఎనిమిదిలా కనిపిస్తే ఆ చలాన్ గాల్లో కలిసిపోదు, ఇంకొకరి ఇంటికి పోతుంది. ఆ ఇంట్లో కూడా ఒక తల్లి ఫోన్ పట్టుకుని ఇది మా బండి కాదని ఏడుస్తుంది. ఫంక్షన్ హాలు ముందు కారు పెట్టినవాళ్లకు దీనివల్ల ఏమీ కాదు.

ఇక ప్రమాదం సంగతి. ఇప్పుడు మీ మీద ఉన్నవన్నీ చిన్న ఉల్లంఘనలు, డబ్బు కడితే ముగిసిపోయేవి. నంబర్ కనిపించకుండా చేయడం అలాంటిది కాదు. ఇలా చేసినవాళ్ల మీద హైదరాబాద్ పోలీసులు చీటింగ్ కేసులు పెట్టిన సందర్భాలు ఉన్నాయి. అది క్రిమినల్ కేసు. రేపు మీ అబ్బాయి డిగ్రీ పూర్తి చేసి ఏ ఉద్యోగానికో, పాస్‌పోర్టుకో పోలీస్ వెరిఫికేషన్‌కు వెళ్తే అక్కడ అడ్డుపడుతుంది. బండి మీ పేరు మీద ఉంది కాబట్టి ముందు పిలిచేది మిమ్మల్నే. ఇంకో నష్టం కూడా ఉంది. ఈ బండితో మీకు న్యాయంగా మాట్లాడాల్సిన విషయాలు చాలా ఉన్నాయి. వంచిన ప్లేటుతో మీరు ఏ ఆఫీసు మెట్లు ఎక్కినా మొదట అడిగేది దాని గురించే. మీ మాటకు అక్కడే విలువ పోతుంది. ప్లేటు నేరుగా ఉంటేనే ఆ 19 చలాన్ల గురించి నోరు తెరవగలరు. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను మీకు రెండో దారి చూపించలేను.

ఇప్పుడు ఆ 19. మీరు ఉత్తరంలో అన్నింటినీ ఒకే మూటగా రాశారు, ఒకే మొత్తంగా చెప్పారు. చౌరస్తాలో మీ వాడికి చెప్పిందీ అలాగే కదా, 6,265 కట్టు, తాళం తీసుకో అని. ఆ మూట విప్పితే అందులో మూడు రకాలున్నాయి. మూడింటికీ మందు వేరు. మీ ఇంట్లో ఇంత గందరగోళం కావడానికి సగం కారణం, నిజంగా మీదైన తప్పు మీద ఉన్న ఇబ్బంది, మీది కాని తప్పు మీద ఉన్న కోపం, తప్పో ఒప్పో తేలని దాని మీద ఉన్న దుఃఖం కలగలిసిపోవడం.

మొదట మీవి. ఏడు హెల్మెట్ చలాన్లు, ఒక సిగ్నల్. ఇక్కడ నేను మీ వైపు మాట్లాడలేను, మాట్లాడితే మీకు అపకారం చేసినదాన్ని అవుతాను. నడిపేవాళ్లకే కాదు, వెనక కూర్చున్నవాళ్లకూ హెల్మెట్ ఉండాలని మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ చెబుతోంది. పోలీసులు ఆపుతారని కాదు, ఇంట్లో ఇప్పటికే ఒక మనిషి పైనుంచి పడి మంచాన ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. ఇంకో పెద్ద దెబ్బను తట్టుకునే శక్తి మీ ఇంటికి లేదు. ఐఎస్ఐ మార్కు ఉన్న రెండో హెల్మెట్ కొనండి. ఆ ఫొటోల్లో మిమ్మల్ని మీరు చూసుకుని సిగ్గుపడ్డానన్నారు. ఆసుపత్రిలో ఉన్న భర్తకు అన్నం తీసుకెళ్తున్న మనిషి సిగ్గుపడాల్సింది ఏముందమ్మా. తలకు ఏదో ఒకటి పెట్టుకోవాల్సింది, అంతే.

హెల్మెట్‌వి, సిగ్నల్‌ది కలిపి ఈ ఎనిమిదీ కోర్టులో తేల్చుకుంటామని కూర్చుంటే ఏమవుతుందో కూడా తెలుసుకోండి. చలాన్ అంటే తీర్పు కాదు, ఆరోపణ. పోలీసులు అడిగిన మొత్తం కట్టి అక్కడితో ముగించుకోవచ్చు, లేదా కోర్టులో వాదించుకోవచ్చు. ఇది మీ హక్కు, చాలామందికి తెలియదు. కానీ 2019 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ తర్వాత చట్టంలో హెల్మెట్ లేకపోతే జరిమానా 1,000 రూపాయలు, దానితో పాటు మూడు నెలలు లైసెన్స్‌పై అనర్హత. మన దగ్గర ఈ-చలాన్‌లో అడుగుతున్నది దానికంటే బాగా తక్కువ. ఫొటోలో తల కనిపిస్తోంది, హెల్మెట్ కనిపించడం లేదు. అక్కడ గెలవడానికి ఏమీ లేదు. ఓడితే మూడు నెలలు మీ అబ్బాయికి పని ఉండదు. కాబట్టి ఇవి కట్టేయడమే మేలు.

కానీ పది రూపాయల వడ్డీకి తెచ్చి కట్టకండి. 6,265 తెస్తే నెలకు 600 పైగా వడ్డీకే పోతుంది. చలాన్ అలా నెలనెలా పెరగదు, వడ్డీ పెరుగుతుంది. ఏది తీర్చడానికి ఏది తెస్తున్నారో చూడండి. చలాన్లను ఒక్కొక్కటిగా విడిగా కట్టవచ్చు, అన్నీ ఒకేసారి కట్టాలని నియమం లేదు. సిగ్నల్‌ది, హెల్మెట్‌వి వారానికి ఒకటో రెండో చొప్పున కట్టుకుంటూ పోతే రెండు నెలల్లో ఈ ఎనిమిదీ అయిపోతాయి. కట్టిన ప్రతి రసీదూ ఫోన్‌లో దాచమనండి. రేపు మళ్లీ ఎవరైనా ఆపితే, కడుతున్నామని చూపించడానికి అది పనికొస్తుంది. మీ మహిళా సంఘంలో చిన్న అప్పు దొరికితే అది వేరే సంగతి, దాని వడ్డీ మీ చేతిలో ఉండే వడ్డీ.

రాయితీ వస్తుందని ఆగమని మీ బస్తీలో ఎవరో ఒకరు ఈపాటికి చెప్పే ఉంటారు. ఆ మాట పూర్తిగా తప్పు కాదు. తెలంగాణలో 2022 మార్చిలో టూవీలర్లు, ఆటోల పెండింగ్ చలాన్ల మీద 75 శాతం మాఫీ చేశారు. 2023 డిసెంబర్ చివరలో మళ్లీ 80 శాతం మాఫీ ఇచ్చి, 2024 ఫిబ్రవరి దాకా గడువు పొడిగించారు. ఆ జాబితాలో తోపుడు బండ్లు కూడా ఉన్నాయి, వాటికి 90 శాతం. పండ్లు అమ్ముకునే తోపుడు బండి మీద కూడా ట్రాఫిక్ చలాన్లు పేరుకుపోయాయని ఆ జాబితా చూసినప్పుడే నాకు అర్థమైంది. ప్రభుత్వమే నూటికి ఎనభై వదులుకోవడానికి సిద్ధపడిందంటే, ఆ నూరు వసూలయ్యేది కాదని వాళ్లకూ తెలుసనే కదా. అయితే మళ్లీ ఎప్పుడో ఇస్తారని హామీ ఏమీ లేదు. రాయితీ కోసం ఆగితే ఆ మధ్యలో రోజూ చౌరస్తాల్లో మీవాడి గుండె దడదడలాడుతూనే ఉంటుంది. ఆ టెన్షనే ఇవాళ ప్లేటు వంచేదాకా తెచ్చింది. అందుకే ఈ ఎనిమిదింటి విషయంలో ఆగమని నేను చెప్పను. మీ పరిస్థితి చూసి మీరే తేల్చుకోండి.

రెండోది, మీవి కాని ఆ మూడు. వీటికి ఒక్క రూపాయి కూడా కట్టకండి. గొడవ ఎందుకులే అని కట్టేస్తే ఆ తప్పు మీరు చేసినట్టు ఒప్పుకున్నట్టే, ఇంకో మూడు వస్తాయి. ఫొటోలో బండి మోడల్, రంగు మీ ఆర్సీలో రాసినదానితో సరిపోలడం లేదని చూపిస్తే చాలు. మీ బండిని అటు ఇటు నాలుగు ఫొటోలు తీయించి, ఆర్సీ కాపీ జతచేసి, ఈ-చలాన్ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టించండి. అదే కాగితం మీద రాసి ట్రాఫిక్ పోలీసుల చలాన్ విభాగంలో ఇచ్చి, ఇంకో కాపీ మీద స్టాంపు వేయించుకోండి. కెమెరాతో పట్టుకున్న ఉల్లంఘనకు 15 రోజుల లోపల నోటీసు పంపాలని 2021లో కేంద్రం నిబంధన తెచ్చింది. మీకు ఏ నోటీసూ అందలేదన్న మాట కూడా అందులో రాయండి.

ఇంకో సంగతి, ఇది చలాన్ కంటే పెద్దది. మీ నంబర్‌తో వేరే బండి తిరుగుతోందని మీకు అనుమానం ఉన్నట్టు స్థానిక పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ స్కూటీ రేపు ఎవరినైనా గుద్ది పారిపోతే, గొలుసు దొంగతనానికి వాడితే, పోలీసులు వచ్చేది మీ గుమ్మం ముందుకే. అప్పుడు ఈ ఫిర్యాదు కాగితమే మిమ్మల్ని కాపాడుతుంది. ఇది ఇచ్చేటప్పుడు మీ బండి ప్లేటు నేరుగా ఉండి తీరాలి. మీ అబ్బాయికి ఈ మాట చెప్పండి, వాడికే అర్థమవుతుంది.

మూడోది, గల్లీ మొదటి ఎనిమిది. నాకు ఎక్కువ బాధ కలిగించినవి ఇవే. ఇక్కడ తప్పు ఎవరిదో తేల్చడం మీరు అనుకున్నంత తేలిక కాదు, పోలీసులు అనుకున్నంత తేలికా కాదు. మాల్‌లో మొదటి 30 నిమిషాలు పార్కింగ్ ఉచితంగా ఇవ్వాలని 2018లో ప్రభుత్వం జీవో ఇచ్చింది. మంచిదే. ఒకే గదిలో నలుగురు పడుకునే ఇంట్లోవాళ్లు రాత్రి బండిని ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం ఎవరూ కూర్చుని ఆలోచించినట్టు లేదు. ఉన్నవాళ్లకు ఇంటితో పాటే సెల్లార్ వస్తుంది. లేనివాళ్లకు రోడ్డు అంచే సెల్లార్.

మీరు చూసిన తేడా నిజమే అయి ఉంటుంది. గల్లీ ముందు వరసగా ఉన్న ఇరవై బండ్లకు ఐదు నిమిషాల్లో ఇరవై ఫొటోలు వస్తాయి, ఎవరూ ఎదురు మాట్లాడరు. కార్ల యజమానుల్లో ఎవరు ఎవరికి ఫోన్ చేస్తారో తెలియదు. కానీ ఒక మాట జాగ్రత్తగా వినండి. "కార్లను వదిలేసి మమ్మల్నే పట్టుకున్నారు" అనే వాదన కోర్టులో నిలబడదు. అవతలివాడిని వదిలేశారు కాబట్టి నన్నూ వదిలేయండి అని అడగడానికి వీల్లేదని మన కోర్టులు చాలాసార్లు చెప్పాయి. అదే వాదన అధికారుల దగ్గర అర్జీలో రాస్తే మాత్రం బలమైనది, ఎందుకంటే రెండు వైపులా ఒకేలా అమలు చేయడం వాళ్ల బాధ్యత. ఏ మాట ఎక్కడ చెప్పాలో తెలియక చాలామంది పోలీసు ముందు చెప్పకూడని మాట చెప్పి, అర్జీలో రాయాల్సిన మాట రాయకుండా వస్తారు.

చూడాల్సిన మొదటి విషయం, మీ గల్లీ దగ్గర నో పార్కింగ్ బోర్డు ఉందా లేదా. ఉంటే ఎప్పుడు పెట్టారు, ఎంతమేర వర్తిస్తుంది? ఫంక్షన్ హాలు వైపు కూడా ఉందా? బోర్డు లేకపోతే ఆ ఎనిమిది చలాన్ల మీద మీరు గట్టిగా మాట్లాడవచ్చు. ఈ వివరాలు సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. తెలుగులోనే రాయవచ్చు, రుసుము 10 రూపాయలు, తెల్ల రేషన్ కార్డు కాపీ పెడితే అదీ లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అడగాల్సింది సూటిగా అడగండి: ఈ రోడ్డు ముక్కను నో పార్కింగ్‌గా ప్రకటించిన ఉత్తర్వు కాపీ ఇవ్వండి, గత ఏడాదిలో గల్లీ వైపు ఎన్ని నో పార్కింగ్ చలాన్లు వేశారు, ఎదురు వైపు ఎన్ని వేశారు, వాటిలో టూవీలర్లు ఎన్ని, కార్లు ఎన్ని. మీరు కళ్లతో చూసింది వాళ్ల లెక్కల్లోనే బయటికి వస్తే, దాని ముందు ఎవరూ మిమ్మల్ని ఊరికే మాట్లాడుతున్నారనలేరు. ఒకవేళ కార్లకూ చలాన్లు వేసినట్టు లెక్క వస్తే, అదీ మంచిదే. అప్పుడు మీరు మీ ఫిర్యాదును వివక్ష మీద కాకుండా స్థలం మీద పెట్టుకుంటారు.

ఇక మీ భయం. ఫిర్యాదు చేస్తే పగబడతారా? పట్టరని మాట ఇవ్వలేను. ఒక్క మనిషి, ఒక్క బండి నంబర్‌తో అర్జీ పెడితే ఆ నంబర్ గుర్తుండిపోయే అవకాశం ఉంది. కాబట్టి ఈ మూడో రకం విషయంలో మీరు ఒక్కరే ముందుకు పోకండి. మీ మహిళా సంఘంలో ఎంతమంది ఇళ్లల్లో ఇవే నో పార్కింగ్ చలాన్లు ఉన్నాయో ముందు అడగండి. పదిహేను, ఇరవై ఇళ్లు కలిస్తే అర్జీ బస్తీ పేరుతో పోతుంది. అందులో ఎవరినీ తిట్టకండి, ఏ కానిస్టేబుల్ పేరూ రాయకండి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా గల్లీ పక్కన ఒక వరసలో బండ్లు పెట్టుకోవడానికి గీత గీసి ఇవ్వమని, పగలు ఖాళీ చేస్తామని, ఫంక్షన్ హాలు వైపు కూడా అదే నియమం అమలు చేయమని అడగండి. చేసిపెట్టగలిగిన పని అడిగితే అధికారి వింటాడు. జనం దగ్గర అర్జీలు తీసుకునే ప్రజావాణి సోమవారాల్లో జరుగుతుంది, అందులో జీహెచ్ఎంసీ ఆఫీసులో, కలెక్టర్ ఆఫీసులో ఇవ్వవచ్చు. ప్రజాభవన్‌లో మంగళ, శుక్రవారాల్లో జరిగే ప్రజావాణి కూడా ఉంది. ట్రాఫిక్ ఏసీపీకి ఒక కాపీ. నిజం చెప్పాలంటే ఇది నెలలు పట్టే పని, మొదటి అర్జీకే గీత గీస్తారని ఆశ పెట్టుకోకండి. మీరు నాలుగిళ్ల వంట చేసి వచ్చి ఇవన్నీ తిరగలేరు. చదువుకున్న ఆ పక్కింటి అమ్మాయిలాంటివాళ్లు రాయడం, తిరగడం పంచుకుంటేనే ఇది సాగుతుంది. లేదు, మాకు ఇంత ఓపిక లేదు అనుకుంటే, కొంచెం దూరమైనా రాత్రి బండి పెట్టుకునే చోటు నెలకు ఇంతని మాట్లాడుకోవడం ఇంకో దారి. మీరు వంట చేసే అపార్ట్‌మెంట్ల సెల్లార్‌లో ఒక మూల అడిగి చూడండి. వాళ్ల ఇళ్లల్లో పొయ్యి వెలిగించే మనిషి మీరు. అడగడంలో తప్పు లేదు. అయితే దానివల్ల మీ సమస్య తీరుతుంది, బస్తీ సమస్య అలాగే ఉంటుంది. ఏది ఎంచుకున్నా మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టలేరు.

లాయర్ గురించి మీరు అడగలేదు, డబ్బు లేదు కాబట్టి అడిగి ఉండరు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. బండి మీ పేరు మీద ఉంది కాబట్టి మీరే అడగవచ్చు. 15100 నంబర్‌కు ఫోన్ చేయండి, లేదా మీ జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆ ఎనిమిది పార్కింగ్ చలాన్లను, మీవి కాని మూడింటిని వాళ్ల ముందు పెట్టండి. కోర్టుకు చేరిన ట్రాఫిక్ కేసులను, రాజీ మీద కేసులు తేల్చే లోక్ అదాలత్‌లో తగ్గించి ముగించుకునే వీలు ఉంటుంది. మీ కేసులో ఏది లాభమో కాగితాలు చూసి వాళ్లే చెప్పగలరు. ఒక ఇబ్బంది మాత్రం తెలిసి ఉండండి. చలాన్లు పెండింగ్‌లో ఉన్నంతకాలం ఆ బండి అమ్మడం, పేరు మార్చడం లాంటి ఆర్టీఏ పనులకు అడ్డు పడవచ్చు.

ఆ చౌరస్తా గురించి రెండు మాటలు. బండిని సీజ్ చేయడానికి చట్టంలోని 207వ సెక్షన్ కారణాలు చెప్పింది: లైసెన్స్ లేకపోవడం, రిజిస్ట్రేషన్ లేకపోవడం, పర్మిట్ లేకపోవడం, వయసు చాలకపోవడం లాంటివి. పాత చలాన్లు బాకీ ఉండడం ఆ జాబితాలో లేదు. బండి తాళం గుంజుకోమని నాకు తెలిసి చట్టంలో ఎక్కడా రాయలేదు. కానీ ఈ సెక్షన్ నంబర్లను మీ అబ్బాయి రోడ్డు మీద పోలీసు ముందు చదవకూడదు. 22 ఏళ్ల కుర్రాడు రోడ్డు మీద చట్టం మాట్లాడితే ఎదుటివాళ్లకు అహం దెబ్బతింటుంది, చివరికి విధులకు అడ్డుపడ్డాడనే కేసు మీద పడే ప్రమాదం ఉంది. అక్కడ అనాల్సిన మాట చిన్నది: "సార్, కడుతున్నాను, ఇవిగో రసీదులు. మిగతావాటి మీద ఫిర్యాదు ఇచ్చాను, ఇదిగో కాపీ." లైసెన్స్, ఆర్సీ, ఇన్సూరెన్స్ ఫోన్‌లో ప్రభుత్వ యాప్ డిజిలాకర్‌లో ఉంటే చాలు, 2018 నుంచి అవి చెల్లుతాయి. ఇన్సూరెన్స్ గడువు మాత్రం తప్పనివ్వకండి. అది లేకుండా నడిపితే మొదటిసారికే 2,000 జరిమానా, అంతకంటే ముఖ్యం, ఎవరికైనా దెబ్బ తగిలితే పరిహారం మొత్తం మీ ఇంటి మీదే పడుతుంది. అప్పటికీ తాళం లాక్కుంటే గొడవ పడకుండా టైము, చోటు, బ్యాడ్జి మీద పేరు గుర్తు పెట్టుకుని రమ్మనండి. సాయంత్రం ప్రశాంతంగా కూర్చుని ఫిర్యాదు రాయవచ్చు.

మొదట చేయాల్సిన ఒక చిన్న పని మిగిలింది. షోరూంలో ఎక్కించిన ఆ ఎవరిదో ఫోన్ నంబర్ తీసేయించి ఆర్టీఏ రికార్డులో మీ నంబర్ పెట్టించండి. మొదటి పార్కింగ్ చలాన్ మెసేజ్ ఆరోజే మీ ఫోన్‌కు వచ్చి ఉంటే, మిగతా ఏడూ పడి ఉండేవి కావేమో. ఆ పనికి మీతో పాటు ఆర్టీఏ ఆఫీసుకు రమ్మని మీ అబ్బాయినే అడగండి. బండి మీద ఇద్దరూ కలిసి వెళ్లాలి కాబట్టి, బయల్దేరే ముందు ప్లేటు సరి చేయక తప్పదు. రెండో హెల్మెట్ కూడా అంతకుముందే కొనుక్కోండి.